క్లాసులో పిల్లలందరూ పాల్గొనేలా చేయడం ఎలా? 45 నిమిషాల పీరియడ్‌కి సమగ్ర మార్గదర్శి

రేపు క్లాసుకి వెళ్ళినప్పుడు ఒక్క పని చేసి చూడండి. పాఠం మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగి, పైకి ఏమీ అనకుండా మనసులో లెక్కపెట్టుకోండి, సరిగ్గా ఈ నిమిషంలో ఎంతమంది పిల్లలు ఏదో ఒక పని చేస్తున్నారు అని. వినడం కాదు నేనడిగేది, వింటున్నట్టు కూర్చోవడం పిల్లలకి మూడో తరగతికల్లా వచ్చేస్తుంది. రాస్తున్నారా, గీస్తున్నారా, పక్కవాళ్ళకి చెప్తున్నారా, వేళ్ళ మీద లెక్క వేస్తున్నారా, అది చూడండి. నేను మొదటిసారి అలా లెక్కపెట్టినప్పుడు 8వ తరగతిలో 44 మందికి గాను నలుగురు తేలారు, ఆ నలుగురూ ముందు బెంచీ వాళ్ళే, నేను ఏ ప్రశ్న అడిగినా చెయ్యెత్తేదీ వాళ్ళే. మిగతా 40 మంది దగ్గరికి నా పాఠం ఆ రోజు చేరనే లేదు. చాలా రోజులు అది మనసులో మెదుల్తూనే ఉంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో మ్యాథ్స్ చెప్తా, సైన్స్ టీచర్ లేనప్పుడు 6, 7 తరగతులకి సైన్స్ కూడా చెప్పా. కింద రాసినవన్నీ గది నిండా పిల్లలు, ఒక బ్లాక్‌బోర్డు, కాస్త వరండా ఉంటే చాలు అన్న లెక్కలో రాసినవే. డిజిటల్ బోర్డు ఉంటే మంచిదే, లేకపోయినా ఏమీ ఆగదు. ఎందుకంటే పిల్లల్ని నవ్వించడం, ఆడించడం కోసం కాదు ఇదంతా, క్లాసులో ఆలోచించే పని ఎవరు చేస్తున్నారు అన్నదే అసలు విషయం. ఆ పని టీచర్ ఒక్కరే చేస్తే పిల్లలు చూస్తూ కూర్చుంటారు, అంతే.

అడుగు 1: ఆటల కంటే ముందు ఆపే సైగ నేర్పండి

చాలామంది ఇది వదిలేసి నేరుగా గ్రూప్ యాక్టివిటీకి వెళ్ళిపోతారు, నేనూ అదే చేశా, ఐదు నిమిషాల్లో క్లాసు సంతలా అయిపోయి పక్క గదిలో టెన్త్ వాళ్ళకి స్లిప్ టెస్ట్ పెట్టుకున్న మేడం వచ్చి నిలబడ్డారు, ఆవిడ తప్పేం లేదు. అప్పట్నుంచి కొత్త క్లాసు తీసుకున్న మొదటి వారంలో ఏ పాఠం మొదలుపెట్టకముందే ఒక సైగ నేర్పిస్తా. నేను రెండు చప్పట్లు కొడితే వాళ్ళు మూడు కొట్టి నోరు మూసి నా వైపు తిరగాలి. బుర్రకథలో కథకుడు ఒక మాట అనగానే వంతలు అందుకున్నట్టు ఉండాలన్నమాట, నేను "వినరా వీరకుమారా" అని పాడితే వాళ్ళు "తందానా తాన" అనేసి ఆగిపోతారు, చిన్న క్లాసులకి ఇది ఇంకా బాగా పట్టుకుంటుంది. మొదటి రోజు ఊరికే మాట్లాడుకోమని చెప్పి నాలుగైదుసార్లు ఆపించి ప్రాక్టీస్ చేయించండి. గట్టిగా అరిచి ఆపితే అది రోజూ ఇంకాస్త గట్టిగా అరవాల్సిన పనిగా మారుతుంది, గొంతు పోతుంది మనకే.

అడుగు 2: మొదటి 5 నిమిషాలు తప్పు పట్టించండి

హాజరు తీసుకునేలోపు పిల్లలకి చేతిలో పని ఉండాలి. నేను బోర్డు మీద తప్పు చేసిన లెక్క ఒకటి రాసి పెడతా. ఉదాహరణకి 1/2 + 1/3 = 2/5. పైవి పైకి కలిపేశాం, కిందవి కిందకి కలిపేశాం, చూడ్డానికి బాగానే ఉంది, ఎక్కడ తప్పుందో నేను చెప్పను. "అర రొట్టె తిన్నావు, ఇంకో మూడో వంతు తిన్నావు, మొత్తం కలిపితే 2/5 అయ్యింది, అంటే సగం కంటే తక్కువ, ఎక్కడికి పోయింది నాన్నా మిగతాది?" అని అడిగి వదిలేస్తా. రొట్టె అనేసరికి లెక్కలంటే భయపడే పిల్లలు కూడా నోరు విప్పుతారు, ఎందుకంటే తిన్న రొట్టె తగ్గిపోదని అందరికీ తెలుసు. సరైన లెక్క చేయమంటే వచ్చినవాళ్ళే చేస్తారు, తప్పు పట్టమంటే మాత్రం అందరికీ ఉత్సాహమే.

ఇదే టైంలో వారానికి రెండు మూడు రోజులు ఇంకోటి చేస్తా, మూడు చిన్న ప్రశ్నలు, ఒకటి నిన్నటి పాఠంది, ఒకటి పోయిన వారంది, ఒకటి పోయిన నెలది. పుస్తకం మూసి రాయాలి, మార్కులు లేవు, వాళ్ళ కాగితం వాళ్ళే దిద్దుకుంటారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది, చదివింది మళ్ళీ మళ్ళీ చదివిన వాళ్ళకంటే చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసిన వాళ్ళకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మాత్రం మళ్ళీ చదివిన వాళ్ళదే పైచేయి, అందుకే కాబోలు మనకి రివిజన్ అంటే చదవడమే అనిపిస్తూ ఉంటుంది.

అడుగు 3: ప్రశ్న అడిగే పద్ధతి మార్చండి

ఈ మొత్తంలో ఒక్కటే చేయగలను అనుకుంటే ఇది చేయండి, మిగతావన్నీ దీని తర్వాతే.

మనం మామూలుగా ఏం చేస్తాం, ప్రశ్న అడుగుతాం, ఇద్దరు చెయ్యెత్తుతారు, ఒకళ్ళు చెప్తారు, "గుడ్" అంటాం, ముందుకెళ్ళిపోతాం. ఆ కాస్త టైంలో మిగతా పిల్లలు ప్రశ్న అర్థం చేసుకునే లోపే జవాబు వచ్చేసింది. మేరీ బడ్ రో అనే అమెరికా సైన్స్ టీచింగ్ పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల టేపులు విని కొలిస్తే ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను అని తేలింది, అదే మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవు పెరిగాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు అంటే చిన్నదే కానీ క్లాసు ముందు నిలబడి మౌనంగా ఉంటే చాలా పెద్దగా అనిపిస్తుంది, అందుకే నేను మనసులో "ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ" అనుకుంటూ కిటికీ దాకా నడిచి వస్తా.

ఇక ఎవర్ని అడగాలి అన్నది. ఐస్‌క్రీం పుల్లలు తీసుకుని ఒక్కోదాని మీద ఒక్కో రోల్ నంబరు రాసి పాత బూస్ట్ డబ్బాలో వేయండి. వరస మాత్రం తప్పకూడదు: ముందు ప్రశ్న, తర్వాత ఆగడం, ఆ తర్వాత పుల్ల తీయడం. ముందే పేరు పిలిచి తర్వాత ప్రశ్న అడిగితే మిగతా 43 మంది హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. తీసిన పుల్ల మళ్ళీ డబ్బాలోనే వేయాలి, బయట పెట్టేస్తే నా వంతు అయిపోయింది అనుకుంటారు.

పుల్ల మీద నంబరు వచ్చిన పిల్లాడికి జవాబు తెలియకపోతే? నిలబెట్టకండి, దయచేసి. నిలబడ్డ పిల్లాడు ఆలోచించడు, ఎప్పుడు కూర్చోబెడతారా అని చూస్తాడు. మా క్లాసులో "తర్వాత చెప్తా మేడం" అనొచ్చు, ఇంకో ఇద్దర్ని అడిగి మళ్ళీ వాడి దగ్గరికే వస్తా, "వాళ్ళు చెప్పింది నీ మాటల్లో చెప్పరా" అంటా. తప్పించుకోవడం ఉండదు, అవమానం కూడా ఉండదు. ఇంకో చిన్న విషయం, జవాబు కరెక్టా కాదా అన్నది వెంటనే మొహంలో చూపించకండి, "అలాగా, ఎందుకలా అనిపించింది?" అని కరెక్ట్ జవాబుకీ అడగండి, తప్పు జవాబుకీ అడగండి. తప్పయినప్పుడే ఎందుకు అని అడిగితే పిల్లలు మనల్ని రెండు రోజుల్లో పసిగట్టేస్తారు.

అడుగు 4: పలక మళ్ళీ బయటికి తీయండి

పలకలు ఒకటో తరగతికే అని ఎవరు పెట్టారో తెలీదు. 9వ తరగతిలో కూడా అందరి చేతిలో పలక ఉండి, నేను ప్రశ్న అడిగితే అందరూ రాసి "మూడు రెండు ఒకటి" అనగానే ఒకేసారి పైకెత్తితే అర నిమిషంలో క్లాసు మొత్తం ఎక్కడుందో తెలిసిపోతుంది. పుల్లల డబ్బాతో ఒక్కళ్ళ జవాబు తెలుస్తుంది, పలకతో అందరిదీ. పలకలు లేకపోతే తెల్ల కాగితం ఒకటి ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మార్కర్‌తో రాయించండి, పాత గుడ్డ ముక్కతో తుడుచుకుంటారు. అదీ కుదరకపోతే వేళ్ళు చాలు, నాలుగు ఆప్షన్లు బోర్డు మీద రాసి, ఛాతీకి ఆనించి వేళ్ళు చూపించమనండి, పైకెత్తితే పక్కవాళ్ళది చూసి మారుస్తారు.

సైన్స్‌లో దీన్ని ప్రయోగం ముందు వాడండి. ఒక పుస్తకం, దానికంటే కొంచెం చిన్న కాగితం తీసుకోండి. రెండూ విడివిడిగా వదిలితే పుస్తకమే ముందు పడుతుంది, అందరూ అదే చెప్తారు, బరువెక్కువ కాబట్టి అంటారు. ఇప్పుడు అదే కాగితాన్ని ఉండ చుట్టి వదిలితే? అదే కాగితాన్ని విప్పి పుస్తకం పైన ఊరికే పెట్టి వదిలితే? ముందు పలక మీద రాయించండి, తర్వాతే వదలండి. పైన పెట్టిన కాగితం పుస్తకంతో పాటే కింద పడుతుంది, కాగితాన్ని ఆపేది దాని తక్కువ బరువు ఒక్కటే కాదు, గాలి అడ్డు కూడా అని అప్పుడు వాళ్ళే అంటారు. ముందు ఊహ రాసుకున్న పిల్లాడికి ఆ ప్రయోగంలో వాటా ఉంటుంది, రాయనివాడికి అది మేడం చేసిన ఇంద్రజాలం మాత్రమే.

అడుగు 5: జంటగా మాట్లాడించండి, కానీ టైం పెట్టి

ఒక నిమిషం ఒక్కళ్ళే ఆలోచించాలి, ఒక నిమిషం పక్కవాళ్ళకి చెప్పాలి, తర్వాత క్లాసుకి. 1981లో ఫ్రాంక్ లైమన్ అనే ఆయన పెట్టిన పద్ధతి ఇది, టీచర్ ట్రైనింగుల్లో చెప్పే ఉంటారు. మన దగ్గర ఫెయిలయ్యేది ఎక్కడంటే మొదటి నిమిషం ఎగ్గొట్టి నేరుగా "మాట్లాడుకోండి" అంటాం, అప్పుడు తెలిసినవాడు చెప్తాడు, తెలియనివాడు తల ఊపుతాడు. కిటికీ వైపు వాళ్ళు ముందు మాట్లాడాలి, గోడ వైపు వాళ్ళు తర్వాత, అని స్పష్టంగా చెప్పండి. క్లాసుకి చెప్పేటప్పుడు "నువ్వేం అనుకున్నావ్" అని కాకుండా "నీ పక్కనున్న అమ్మాయి ఏం చెప్పింది" అని అడగండి, అప్పుడు వింటారు.

అడుగు 6: భోజనం తర్వాత పీరియడ్‌లో కాళ్ళకి పని

మధ్యాహ్న భోజనం తినొచ్చాక ఎండవేళ ఫ్యాన్ తిరిగీ తిరగని గదిలో కూర్చోబెట్టి నోట్స్ చెప్తే పెద్దవాళ్ళం మనమైనా తూగుతాం. ఆ పీరియడ్‌ని నిలబడి చేసే పీరియడ్‌గా ముందే అనుకోండి. తేలికైనది నాలుగు మూలలు, గదికి నాలుగు మూలల్లో ఎ, బి, సి, డి అని చాక్‌పీస్‌తో రాసి, ప్రశ్న అడిగి, ఏ మూల కరెక్టనిపిస్తే అక్కడికి వెళ్ళమనాలి, వెళ్ళాక ఎందుకొచ్చారో ఆ మూల నుంచి ఒకళ్ళు చెప్పాలి, అది విని మూల మారొచ్చు.

నాకు బాగా నచ్చింది మాత్రం వరండాలో పూర్ణ సంఖ్యల గీత. -10 నుంచి 10 దాకా చాక్‌పీస్‌తో తొక్కుడుబిళ్ల గీసినట్టు గీయండి. మూడే నియమాలు: మొదటి సంఖ్య మీద కుడి వైపు, అంటే పెద్ద సంఖ్యల వైపు మొహం పెట్టి నిలబడాలి, మధ్యలో ప్లస్ ఉంటే అలాగే ఉండాలి మైనస్ ఉంటే వెనక్కి తిరగాలి, రెండో సంఖ్య ధనమైతే ముందుకి నడవాలి రుణమైతే వెనక్కి నడవాలి. ఇప్పుడు 2 - (-3) చేయమనండి. అమ్మాయి 2 మీద నిలబడింది, మైనస్ కాబట్టి ఎడమకి తిరిగింది, -3 కాబట్టి మూడడుగులు వెనక్కి వేసింది, ఎక్కడ తేలింది? 5 మీద. "మైనస్ మైనస్ ప్లస్" అని బట్టీ పట్టించిన దానికి కారణం కాళ్ళకి తెలిసింది అక్కడ. ఒకసారి ఒక పాప గీత మీద నిలబడి నాతో "అంటే రెండుసార్లు తిప్పితే మళ్ళీ ముందుకే కదా మేడం" అంది, ఆ మాట నేను ఏ శిక్షణలోనూ అంత చక్కగా వినలేదు. ఒకళ్ళు నడుస్తుంటే మిగతావాళ్ళు పలక మీద ఎక్కడ ఆగుతారో రాయాలి, లేకపోతే చూసేవాళ్ళు గుంపైపోతారు.

అడుగు 7: చేతికి వస్తువు ఇవ్వండి

అరవింద్ గుప్తా గారు తెలుసు కదా, చెత్తలోంచి సైన్స్ బొమ్మలు చేయించే ఆయన, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వాడేవాటిల్లో నాకు రోజూ పనికొచ్చేది అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్. ట్యూబ్‌ని చిన్న ముక్కలుగా కోసి, మందు గీరేసిన అగ్గిపుల్లల చివర్లు అందులో దూర్చి, ముక్కలకి ముక్కలు కలిపితే త్రిభుజం, చతురస్రం, ఘనం ఏదైనా వస్తుంది. చతురస్రాన్ని వేలితో నొక్కితే వంగి సమచతుర్భుజం అయిపోతుంది, త్రిభుజాన్ని ఎంత నొక్కినా ఆకారం మారదు. ఇప్పుడు కరెంటు టవర్లలో, రైలు బ్రిడ్జీల్లో అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో అడగండి. పుల్లలు నేను ముందే లెక్కపెట్టి ఒక్కో జంటకి ఒక్కో చిన్న కవర్‌లో ఇస్తా, లీడర్ మళ్ళీ లెక్కపెట్టి తీసుకుంటాడు, పంచడానికే పది నిమిషాలు పోతే యాక్టివిటీ మీద మనకే విరక్తి వస్తుంది.

అడుగు 8: పెద్ద పాఠాన్ని ముక్కలు చేసి పిల్లలతో చెప్పించండి

1971లో అమెరికాలో ఆస్టిన్ అనే ఊళ్ళో నల్ల, తెల్ల, మెక్సికన్ పిల్లల్ని ఒకే బడిలో కలిపినప్పుడు గొడవలవుతుంటే ఇలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్ట్ జిగ్సా పద్ధతి పెట్టాడు, ఒక్కొక్కళ్ళ దగ్గర పాఠంలో ఒక్కో ముక్కే ఉంటుంది, పక్కవాడి మాట వినకపోతే నాకు పాఠం పూర్తవదు. పోషకాల పాఠానికి ఇది అతికినట్టు సరిపోతుంది. 40 మంది అనుకోండి, ఐదుగురు చొప్పున 8 గ్రూపులు. ప్రతి గ్రూపులో ఒకళ్ళకి కార్బోహైడ్రేట్లు, ఒకళ్ళకి ప్రొటీన్లు, ఒకళ్ళకి కొవ్వులు, ఒకళ్ళకి విటమిన్లు, ఒకళ్ళకి ఖనిజ లవణాలు. ముందు ఒకే ముక్క వచ్చిన 8 మందీ ఒకచోట చేరి (8 మంది ఎక్కువ, నలుగురు నలుగురుగా విడగొట్టండి) 12 నిమిషాలు చదివి, మన ఇంట్లో అది ఎందులో ఉందో రాసుకుంటారు, అన్నం, పప్పు, గుడ్డు, వేరుశనగ, మునగాకు, రాగి సంగటి. తర్వాత సొంత గ్రూపుకి వెళ్ళి తలా మూడు నిమిషాలు చెప్తారు. చివర్లో స్లిప్ టెస్ట్ అన్ని ముక్కల మీదా ఉంటుందని ముందే చెప్పాలి. చదవడం ఇంకా సరిగ్గా రాని పిల్లలకి ముక్క ముందు రోజే ఇచ్చి ఇంటికి పంపండి, లేదా బొమ్మలున్న ముక్క ఇవ్వండి. అందరి ముందు గట్టిగా చదవమని మాత్రం వాళ్ళని ఇరికించకండి.

అడుగు 9: మన అవధానం

నెలకి ఒకసారి, యూనిట్ అయ్యాక రివిజన్‌కి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఉంటారు, మనకి ఐదుగురు చాలు. అవధానిగా ఒక్కళ్ళని నిలబెడితే భయపడతారు కాబట్టి ఇద్దర్ని నిలబెట్టండి, తిరుపతి వేంకట కవులు ఇద్దరూ జంటగా చేసినవాళ్ళే కదా. ధ్వని పాఠం అనుకుందాం. నిషిద్ధం అడిగే పిల్లాడు "కంపనం అనే మాట వాడకుండా ధ్వని ఎలా పుడుతుందో చెప్పండి" అంటాడు. దత్తపది అడిగే అమ్మాయి గిన్నె, చెవి, గాలి, తీగ అని నాలుగు మాటలిచ్చి అవన్నీ వచ్చేలా పాఠం చెప్పమంటుంది. ఒకళ్ళు లెక్క ఇస్తారు. అప్రస్తుత ప్రసంగం పిల్లాడు మధ్యలో దూరి "నిన్న మీ ఇంట్లో ఏం కూర?" అంటూ ఉంటాడు, క్లాసులో అల్లరి ఎక్కువ చేసేవాడికే ఈ పని అప్పజెప్పండి, వాడికి అంతకంటే గౌరవం లేదు. ఇంకొకళ్ళు స్టీలు ప్లేటు మీద స్పూన్‌తో అప్పుడప్పుడూ గంట కొడుతుంటారు. చివర్లో అవధానులు గంటలు ఎన్నో చెప్పాలి, ధారణలా జవాబులన్నీ వరసగా మళ్ళీ చెప్పాలి. మిగతా క్లాసు ఏం చేయాలి? ప్రతి ప్రశ్నకీ తమ జవాబు నోట్సులో రాసుకోవాలి, చివర్లో అవధానులు మర్చిపోతే అందించేది వాళ్ళే. ప్రశ్నలు పృచ్ఛకులే ముందు రోజు తయారు చేసుకుని రావాలి, ఆ తయారు చేయడంలోనే పాఠం రెండుసార్లు చదివేస్తారు.

బుర్రకథ కూడా ఇలాగే పనికొస్తుంది, కథకుడు రక్త ప్రసరణ కథ చెప్తుంటే హాస్యపు వంత "మరి గుండె ఎడమ పక్కే ఎందుకుంది గురూ?" అని పిచ్చి డౌట్లు అడగాలి, కథకుడు "మధ్యలోనే ఉంది, కాస్త ఎడమకి ఒరిగింది తమ్ముడూ" అనాలి. క్లాసులో ఎవరూ అడగలేని డౌట్లు వంత నోట్లోంచి వచ్చేస్తాయి.

అడుగు 10: చివరి 4 నిమిషాలు చీటీ

బెల్ కొట్టే దాకా పాఠం లాగకండి. చిన్న కాగితం ముక్క మీద ఒక లెక్క, కింద "ఇవాళ అర్థం కానిది" ఒక వాక్యం, గుమ్మం దగ్గర మన చేతిలో పెట్టి వెళ్ళాలి. స్టాఫ్ రూంలో టీ తాగేలోపు మూడు కుప్పలు వేసేయొచ్చు, వచ్చినవాళ్ళు, సగం వచ్చినవాళ్ళు, అసలు రానివాళ్ళు. దిద్దడం, మార్కులు ఏమీ వద్దు. రేపటి మొదటి 5 నిమిషాల తప్పు లెక్క ఆ రెండో కుప్పలోంచే వస్తుంది, పేరు చెప్పకుండా రాయండి.

వెనక బెంచీ, బహుమతులు, సిలబస్

వెనక బెంచీ గురించి అందరూ అడుగుతారు. ముందు మనం కదలాలి, పీరియడ్‌లో సగం సేపు గది వెనక నుంచి మాట్లాడండి, అప్పుడు వెనక బెంచీయే ముందు బెంచీ. సీట్లు వారానికోసారి వరసగా మార్చండి, శిక్షలా కాకుండా అందరికీ.

చాక్లెట్లు, స్టార్లు నేను ఆపేశా. మొదటి వారం పరిగెడతారు, మూడో వారం "మేడం దీనికి ఏమిస్తారు" అని అడుగుతారు, అదీగాక ఎప్పుడూ ఆ ఏడెనిమిది మందికే వెళ్తాయి. దానికి బదులు ఒక పిల్లాడు పోయిన వారం చేయలేనిది ఈ వారం చేస్తే వాడి దగ్గరికి వెళ్ళి, వాడికి మాత్రమే వినపడేలా, ఏం మారిందో చెప్పండి. "వెరీ గుడ్" కాదు, "హారం ముందు సమానం చేశావు చూడు, పోయినసారి చేయలేదు" అని.

ఇక సిలబస్. ఇన్ని చేస్తే సిలబస్ ఎప్పుడవుతుంది, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్ పరీక్ష) దగ్గరికొస్తోంది, అని అడిగేవాళ్ళ బాధ నాకు తెలుసు, అది నిజమైన బాధ. నేను వారానికి రెండు పీరియడ్లే పెద్ద యాక్టివిటీలకి పెడతా, మిగతా రోజుల్లో 2, 3, 4, 10 అడుగులు మాత్రమే, వాటికి అదనంగా పోయే టైం పెద్దగా లేదు. పైగా మళ్ళీ మళ్ళీ చెప్పాల్సిన అవసరం తగ్గింది, డిసెంబరుకల్లా తేడా కనిపించింది నాకు.

మొదలుపెట్టేటప్పుడు ఒకే సెక్షన్, ఒకే పద్ధతి, రెండు వారాలు. పుల్లల డబ్బాతో మొదలుపెట్టండి. శనివారం ఒకసారి పాఠం మధ్యలో ఆగి పైన చెప్పినట్టు తలలు లెక్కపెట్టి డైరీలో తేదీ పక్కన ఆ అంకె వేయండి, కుదిరితే పక్క టీచర్ని పది నిమిషాలు వెనక కూర్చుని లెక్కపెట్టమనండి, మనం లెక్కపెడితే మనకి అనుకూలంగా వస్తుంది. నా డైరీలో 4 తర్వాత 11 ఉంది, తర్వాత 9కి పడిపోయింది, పండగ ముందు వారం అది, ఆ తర్వాత 23. 44 ఇంకా ఒక్కసారీ రాలేదు, వరండాలో గీత గీసిన రోజు 39 వచ్చింది.